నెల్లూరు కుర్రాళ్లు కారు రేసింగ్‌లోకి వెళ్లాలంటే

అమెరికాలో నాస్కార్ పేరుతో నడిచే స్టాక్ కార్ రేసింగ్ (చూడ్డానికి మామూలు కార్లలా ఉండే రేసు కార్ల పందెం) మన దేశంలో లేదు. దానికి దగ్గరగా ఉండేది సలూన్ కార్ల రేసింగ్: మామూలు కారుకే లోపలంతా ఊడదీసి, రోల్‌కేజ్ (బోల్తా పడినా డ్రైవర్‌ని కాపాడే ఇనుప గొట్టాల చట్రం) బిగించి పందేనికి దించుతారు. ఇక్కణ్నుంచి అక్కడికి దారి లేదనుకోవద్దు. 2005లో ఫార్ములా వన్ నడిపిన మన దేశపు డ్రైవర్ నరైన్ కార్తికేయన్, 2010లో నాస్కార్ ట్రక్ సిరీస్‌లో (పికప్ ట్రక్కుల పందెం) కూడా పోటీపడ్డారు.

నెల్లూరు వాళ్లకు పెద్ద వసతి మద్రాసు ట్రాకు. శ్రీపెరంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, ల్యాపు (ట్రాకు ఒక చుట్టు) 3.7 కిలోమీటర్లు. తెల్లారుజామున గూడూరు, సూళ్లూరుపేట మీదుగా బయల్దేరితే పొద్దున సెషన్‌కి అందుకోవచ్చు. ముందు అద్దెకిచ్చే గో-కార్టుల (చిన్న రేసు బండ్లు) మీద చెయ్యి కుదుర్చుకోండి, ఆ తర్వాత రేసింగ్ స్కూలు, అది అయ్యాక ఎఫ్ఎంఎస్‌సీఐ (దేశంలో మోటార్ రేసింగ్‌ని నడిపే సమాఖ్య) ఇచ్చే లైసెన్సు. హైవే మీద నూట నలభైలో పోవడం ప్రాక్టీసు కిందకి రాదు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. రేసులో టైము మిగిలేది బ్రేకు దగ్గరా మలుపులోనూ.

కొత్తవాళ్ల కారు ఎక్కువగా అదుపు తప్పి గిర్రున తిరిగిపోయేది మలుపులోనే. మలుపులోకి వేగంగా దిగి, భయపడి యాక్సిలరేటర్ మీంచి కాలు ఒక్కసారిగా తీసేస్తారు. బరువంతా ముందు టైర్ల మీదికి వస్తుంది, వెనక టైర్లు తేలికై పట్టు వదిలేస్తాయి, వెనక భాగం పక్కకి జారుతుంది. ముందు చక్రాలతో లాగే కారైతే అప్పుడు బ్రేకు తొక్కకండి. స్టీరింగ్‌ని జారిన వైపే తిప్పి, యాక్సిలరేటర్ మెల్లగా ఇవ్వండి. అసలు బ్రేకింగ్‌లో ఎక్కువ భాగం కారు తిన్నగా ఉండగానే ముగించుకుంటే ఈ తిప్పలే ఉండవు.

బెల్టు బిగించేటప్పుడు నడుం పట్టీ ముందు, భుజం పట్టీలు తర్వాత. వరస మారితే నడుం పట్టీ తుంటి ఎముకల మీంచి పొట్ట మీదికి లేస్తుంది, గుద్దుకున్నప్పుడు దెబ్బ పేగులకి తగులుతుంది. బైకు హెల్మెట్ పనికిరాదు. కారు రేసుకి స్నెల్ ఎస్ఏ రకం (స్నెల్ అనే సంస్థ కారు రేసుల కోసం పరీక్షించి ముద్ర వేసిన హెల్మెట్) కావాలి, దాని లోపలి గుడ్డ మంటకి తట్టుకుంటుంది. వేసవిలో కారు లోపల వేడి బయటికన్నా చాలా ఎక్కువ. దాహం వేసేదాకా ఆగకుండా ముందురోజు నుంచే ఉప్పు కలిపిన మజ్జిగ, నీళ్లు తాగుతూ ఉండండి.

మొదటి సీజనుకి సొంత కారు కొనకండి, టీము దగ్గర అద్దెకి తీసుకోండి. టైర్లు ఎన్ని ఇస్తారో, గుద్దితే మరమ్మతు ఖర్చు ఎవరిదో డబ్బు కట్టకముందే కాగితం మీద రాయించుకోండి.