తోటివారి రచనకు స్పందన రాసే ముందు

ఎవరైనా తమ కథనో కవితనో చదవమని ఇచ్చినప్పుడు "చాలా బాగుంది" అని ఒక్క మాటతో సరిపెడితే, రాసినవారికి ఆ పూట సంతోషమే తప్ప తరువాతి ప్రతికి పనికివచ్చేదేమీ మిగలదు. మొదటిసారి కలం పట్టకుండా చివరివరకూ చదివి, రెండోసారి మాత్రం మీ దృష్టి ఎక్కడ చెదిరిందో, ఏ వాక్యం దగ్గర వెనక్కి వెళ్లి మళ్లీ చదవవలసి వచ్చిందో కాగితం అంచున చిన్న గీతతో గుర్తు పెట్టుకోండి. ఆ గీతలే మీ స్పందనకు ముడిసరుకు. "కథనం పలచగా ఉంది" అనడం కన్నా, "మూడో పేరాలో తల్లి ఉత్తరాన్ని చింపివేసింది గానీ, ఆమెకు కోపం వచ్చిందో భయం వేసిందో నాకు తెలియలేదు" అని రాస్తే, దిద్దుకోవలసిన చోటు రచయితకు ఇట్టే కనిపిస్తుంది. ఎలా దిద్దాలన్నది మాత్రం వారికే వదిలిపెట్టండి. వారి కథను మీ కథగా తిరగరాసి ఇవ్వడం, ఎంత మంచి మనసుతో చేసినా, చొరబాటే అవుతుంది. కవితనైతే పైకి చదవాలి. నాలుక తడబడిన పాదంలో తరచుగా ఒక మాట ఎక్కువై ఉంటుంది, నా అనుభవంలో చాలాసార్లు అది విశేషణమే.

రచన ఇచ్చేవారు కూడా చిత్తుప్రతితో పాటు "ముగింపు తొందరపడినట్టుందా?" వంటి ప్రశ్న ఒకటి జతచేయాలి. అచ్చుతప్పులు చూడమని అప్పుడే అడగకండి, తరువాతి ప్రతిలో ఆ వాక్యాలే ఉండకపోవచ్చు. స్పందన అందగానే సమర్థించుకోవడానికి దిగకుండా రెండు రోజులు పక్కన పెట్టి, ఇద్దరు పాఠకులు ఒకే చోట ఆగారేమో పోల్చి చూసుకుంటే, ఏది అభిరుచి భేదమో ఏది నిజంగా లోపమో చాలావరకు తేలుతుంది.