ఇంట్లో దాచిన మాటను బయటపెట్టడం ఎలా: ఉక్కునగరం పిల్లలకు

చెట్ల నీడన తీర్చిదిద్దినట్టుండే రోడ్లు, ఒకే తీరున కట్టిన క్వార్టర్లు, ఒకే విశాఖ స్టీల్ ప్లాంటులో డ్యూటీ చేసే తండ్రులు ఉన్న ఉక్కునగరంలో ఎవరింటి సంగతైనా పొద్దుగూకేలోగా పక్క సెక్టారుకు చేరిపోతుంది. ఇంటర్ ఫలితాలు వచ్చిన రోజున "మీవాడికెన్ని?" అన్న ప్రశ్న గుమ్మం గుమ్మానికీ తిరుగుతుంది. దానికి భయపడి పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఫెయిలైన సబ్జెక్టును, మానేసిన కోచింగ్‌ను, ఇష్టం లేని ఎంపీసీని నెలల తరబడి కడుపులో దాచుకుంటారు.

చెప్పవలసిన సంగతిని ముందుగా కాగితం మీద రాసుకోండి. మా పక్క క్వార్టరు అబ్బాయి ఒకసారి నోటుబుక్కులోంచి చింపిన పేజీ తెచ్చి చూపించాడు. అందులో పదకొండు వరుసలు ఉన్నాయి. సగం లెక్చరరు మీద ఫిర్యాదు, మిగతా సగం క్షమాపణ. ఇద్దరం కూర్చుని ఒక్కొక్కటే కొట్టివేయగా చివరికి "నాన్నా, ఫిజిక్స్‌లో ఫెయిలయ్యాను, మీకు చెప్పిన మార్కులు నిజం కావు" అన్నది మిగిలింది. ఆ వాక్యంలో రెండో సగం రాయడానికి వాడి చేయి ఆడలేదు. అయినా అసలు చెప్పవలసింది అదే, ఎందుకంటే ఇంట్లోవాళ్లను ఎక్కువగా బాధపెట్టేది తప్పిన పరీక్ష కాదు, ఆడిన అబద్ధం. కారణాలు వాళ్లు అడిగినప్పుడు చెప్పవచ్చు.

నైట్ షిఫ్టు చేసి వచ్చిన మనిషికి నిద్ర లేకుండా ఇటువంటి మాట చెప్పకండి. వీక్లీ ఆఫ్ నాడు, చుట్టాలెవరూ లేని వేళ చూసుకోండి. వాట్సాప్‌లో అసలు పెట్టవద్దు. అమ్మకు ముందు చెప్పి, ఆమె చేత నాన్నకు చెప్పించడం మన ఇళ్లలో అలవాటే, అది తప్పని నేను అనను. కానీ మీ తరఫున అబద్ధం ఆడమని ఆమెను అడగడం మాత్రం అన్యాయం.

మాటతో పాటు ముందుకు పోయే దారిని కూడా తెలుసుకుని వెళ్లండి. ఇంటర్‌లో తప్పిన సబ్జెక్టుకు అదే ఏడాది అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష ఉంటుంది కనుక సంవత్సరం పోదు.

పిల్లలే కాదు, పెద్దలూ దాస్తారు. 2021 జనవరిలో ప్లాంటు వాటాల ఉపసంహరణకు కేంద్ర మంత్రివర్గ సంఘం సూత్రప్రాయంగా అంగీకరించినప్పటి నుంచి అప్పులు, ఈఎంఐల ఆందోళన పిల్లల చెవిన పడకుండా మోస్తున్న ఇళ్లు ఇక్కడ ఉన్నాయి. అలాంటిదేదో మీకు అనుమానంగా ఉంటే ఫోన్లు వెతకకుండా, "నా ఫీజు వల్ల ఇబ్బందిగా ఉందా?" అని సూటిగా అడగండి.

అన్నిటికీ ఈ ఓపిక పనికిరాదు. ఎవరైనా మిమ్మల్ని తాకరాని చోట తాకినా, ఎవరికీ చెప్పవద్దని బెదిరించినా, ఆ మనిషి ఎంత పేరున్నవాడైనా, ఎంత దగ్గరి చుట్టమైనా, ఆ రహస్యాన్ని ఒక్క పూట కూడా దాచవద్దు. 18 ఏళ్ల లోపు పిల్లలను లైంగిక వేధింపుల నుంచి కాపాడేందుకు 2012 నాటి పోక్సో చట్టం ఉంది, పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. చనిపోవాలని ఉందని స్నేహితుడు అన్నప్పుడు, ఎవరికీ చెప్పనని వాడికి ఒట్టు వేసినా సరే, దాన్ని పక్కనపెట్టి పెద్దవాళ్లకు చెప్పండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు. మన ఊళ్లో చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా ఉంది. అక్కడికి వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనన్న బెరుకుతో ఆలస్యం చేయకండి.

చెప్పిన రాత్రి ఇల్లు బరువుగా ఉంటుంది. కోప్పడితే ఎదురు చెప్పకండి, మౌనంగా ఉంటే బతిమాలకండి, అన్నం మాత్రం మానకండి. ఆ అబ్బాయి తండ్రి ఆ రాత్రి ఒక్క మాటా మాట్లాడలేదట. మర్నాడు డ్యూటీకి బయలుదేరుతూ స్కూటర్ దగ్గర ఆగి, సప్లిమెంటరీ ఫీజుకు ఆఖరు తేదీ ఎప్పుడని అడిగాడు.