చేయి తడపకుండా పని అయ్యేదెలా: విశాఖలో లంచం అడిగిన చోట ఏం చేయాలి

ఏ ఆఫీసులోనూ లంచాన్ని లంచమని అడగరు. "సారుని ఒకసారి కలవండి" అంటారు. "పై ఖర్చులుంటాయి కదమ్మా" అంటారు. ఏమీ అనకుండా "రెండ్రోజులాగి రండి" అని నాలుగుసార్లు తిప్పుతారు. ఆరిలోవ నుంచో పెందుర్తి నుంచో ఒక పూట కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి ఐదోసారి తిరిగే ఓపిక లేక జేబులో ఉన్నది తీసి ఇచ్చేస్తాడు. కడుపు మండుతూనే ఇస్తాడు. ఆ మంటను ఎక్కడ, ఏ కాగితం మీద, ఎన్ని రోజుల్లోపు పెట్టాలో తెలిస్తే చాలాసార్లు ఇవ్వాల్సిన పనే ఉండదు. మామూళ్లన్నీ నోటి మాట మీద నడుస్తాయి. అందుకే మొదటి రోజు నుంచీ మీ పని తేదీతో, నంబరుతో, రాతతో నడవాలి.

దరఖాస్తు ఇచ్చే రోజే సగం పని

చనిపోయిన తండ్రి పేరు మీదున్న ఇంటి పన్నును పిల్లల పేరుకు మార్పించాలనుకోండి. జీవీఎంసీలో, అంటే విశాఖ నగరపాలక సంస్థలో, దీన్ని టైటిల్ ట్రాన్స్‌ఫర్ అంటారు. మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, దస్తావేజు నకలు, పన్ను బకాయి లేదని చూపే రసీదు పెడతారు. పెట్టే ముందు ప్రతి పేజీకీ పైన మూలలో పెన్నుతో అంకె వేయండి. దరఖాస్తు చివర "జతపరిచినవి: మొత్తం 11 పేజీలు" అని రాసి, కింద ఏ పేజీలో ఏముందో ఒక్కో వరుస రాయండి. మొత్తాన్నీ ఫోనులో ఫొటో తీసుకోండి. ఎక్కువ ఫైళ్లు ఆగేది "ఆ కాగితం మీరు పెట్టలేదండీ" అన్న ఒక్క మాట దగ్గరే. అంకెలు వేసిన కట్టలోంచి ఒక పేజీ మాయం చేయడం కష్టం.

వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ దరఖాస్తు నంబరున్న రసీదు చేతికొచ్చేదాకా కౌంటరు వదలకండి. "ఆన్‌లైన్ తర్వాత ఎక్కిస్తాం, పెట్టి వెళ్లండి" అంటే కాగితాలు వెనక్కి తీసుకుని రేపు రండి. నంబరు లేని దరఖాస్తు లెక్కల్లో లేనట్టే, గడువు కూడా మొదలవదు. ఆ సేవకు రుసుమెంత, ఎన్ని రోజుల్లో చేయాలి అన్నది గోడ మీది పౌరసేవల పట్టికలో ఉంటే దాన్నీ ఫొటో తీయండి.

చేత్తో ఇచ్చే అర్జీకి రెండు ప్రతులు ఉండాలి. ఒకటి ఉత్తరాలు, అర్జీలు తీసుకునే తపాలు సెక్షన్లో ఇచ్చి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. ముద్ర వేయబోమని వాళ్లంటే వాదనకు దిగకండి, స్పీడ్ పోస్టులో పంపండి. డెలివరీ రుజువు కావాలని కౌంటర్లో విడిగా అడగాలి, అడక్కపోతే ఇవ్వరు.

గడువు దాటాక సీటు దగ్గరికి వెళ్లి అడగాల్సింది ఒక్కటే: "ఏం తక్కువైందో రాసివ్వండి, ఈరోజే తెచ్చిస్తాను." ప్లాను అనుమతుల్లో దీన్నే షార్ట్‌ఫాల్ అంటారు. రాతపూర్వకంగా వస్తే ఒకేసారి అన్నీ తీర్చేయొచ్చు. నోటితో చెబితే ఇవాళ ఒకటి, వచ్చేవారం ఇంకొకటి చెబుతూనే ఉంటారు. అయితే ఆలస్యమైన ప్రతి ఫైలు వెనకా లంచమే ఉందనుకోవడం కూడా తప్పు. వారసుల్లో ఒకరు అభ్యంతరం పెట్టి ఉండొచ్చు, కోర్టు స్టే ఉండొచ్చు, సర్వేయరు రెండు పోస్టుల పని ఒక్కడే చేస్తూ ఉండొచ్చు. నిజాయితీగా పనిచేసే ఉద్యోగి మీద తొందరపడి నింద వేస్తే ఆ ఆఫీసులో మనకున్న ఒక్క మంచి మనిషినీ పోగొట్టుకుంటాం.

జాప్యం మీద అర్జీకి ప్రతి సోమవారం కలెక్టరేట్లో, జీవీఎంసీ ప్రధాన కార్యాలయంలో జరిగే పీజీఆర్ఎస్ (ప్రజా ఫిర్యాదుల పరిష్కార కార్యక్రమం) ఉంది. 1100కి ఫోన్ కూడా చేయొచ్చు. ఒక అర్జీలో ఒకే విషయం, పై వరుసలోనే దరఖాస్తు నంబరు, తేదీ ఉండాలి. ఇక్కడ వచ్చే చిక్కేమిటంటే, మీ అర్జీ తిరిగి తిరిగి ఆ ఫైలు ఆపినవాళ్ల బల్ల మీదికే చేరి "పరిష్కరించడమైనది" అని మూతపడుతుంది. అలా జరిగితే మళ్లీ తెరిపించమని అడిగి, పరిష్కారం అంటే ఏం చేశారో చెప్పే ఉత్తర్వు నకలు కోరండి. లంచం అడిగారన్న ఫిర్యాదును మాత్రం సోమవారం అర్జీల్లో పెట్టకండి. ఆ కబురు సాయంత్రానికల్లా అడిగినవాడికి చేరిపోతుంది.

నోరు తెరిచి అడిగినప్పుడు

ఇవ్వనని అప్పుడే తెగేసి చెప్పకండి, ఇస్తానని బేరమూ ఆడకండి. "ఇంట్లో కనుక్కుని చెబుతానండి" అని బయటికి రండి. మీ అంతట మీరు "ఎంత ఇమ్మంటారు?" అని మొదలుపెడితే రేపు కోర్టులో ఆశ చూపింది మీరే అంటారు. బయటికి రాగానే ఎవరు, ఏ రోజు, ఎన్నింటికి, ఎంత, సరిగ్గా ఏ మాటలతో అడిగారో రాసుకోండి. "ఇరవై అవుతుంది, పదిహేను ముందివ్వు" అంటే అవే మాటలు రాయాలి. వాటికి అందమైన భాష తొడగొద్దు.

ఫోనులో మాట్లాడితే రికార్డు చేయండి. ఆ ఫైలును కత్తిరించకండి, పేరు మార్చకండి, ఫోను రీసెట్ చేయకండి. వాట్సాప్‌లో పదిమందికి పంపితే సాక్ష్యం బలం పెరగదు సరికదా, అవతలివాడు జాగ్రత్తపడతాడు. రికార్డు చేసిన అసలు ఫోనే కావాల్సి వస్తుంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువీకరణ పత్రం జతపరచాలి, దాని సంగతి దర్యాప్తు అధికారి చెబుతారు.

ఎవరి మీద ఫిర్యాదు ఎక్కడికి వెళ్లాలో విశాఖలో ప్రత్యేకంగా తెలుసుకోవాలి, ఎందుకంటే ఇక్కడ కేంద్ర సంస్థలు చాలా ఎక్కువ. జీవీఎంసీ, వీఎంఆర్‌డీఏ (నగరాభివృద్ధి సంస్థ), రెవెన్యూ, రిజిస్ట్రేషన్, పోలీసు, రవాణా, ఈపీడీసీఎల్ (విద్యుత్ పంపిణీ సంస్థ) వంటి రాష్ట్ర శాఖలన్నీ ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కిందికి వస్తాయి. నంబరు 1064, డబ్బు పడదు. పోర్టు, స్టీల్ ప్లాంటు, రైల్వే, కస్టమ్స్, ఆదాయపన్ను, పీఎఫ్, జాతీయ బ్యాంకులైతే సీబీఐ. ఆ సంస్థల్లో ముఖ్య విజిలెన్స్ అధికారి కూడా ఉంటారు. పోర్టు గుమాస్తా మీద 1064కి ఫోన్ చేస్తే వారం రోజులు వృథా.

ఇప్పటికే ఇచ్చేసినవాళ్లకు ఒక మాట. 2018 సవరణ తర్వాత అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 8 ప్రకారం లంచం ఇవ్వడమూ నేరమే, 7 ఏళ్ల దాకా జైలు పడొచ్చు. కానీ బలవంతం మీద ఇచ్చి, 7 రోజుల్లోపు పోలీసుకో దర్యాప్తు సంస్థకో చెబితే నేరం కాదు. ముందే ఏసీబీకి చెప్పి, వాళ్లకు సాయంగా ఇస్తే అసలే కాదు. కాబట్టి ఇచ్చిన రోజు నుంచి వేళ్ల మీద లెక్కపెట్టండి.

వల ఎలా పన్నుతారు

లంచం తీసుకుంటుండగా ఏసీబీ పట్టుకోవడాన్నే వల అంటారు. చాలామంది ఇక్కడే భయపడి వెనక్కి తగ్గుతారు, అందుకే కాస్త వివరంగా చెప్పుకోవాలి.

ఏసీబీ కార్యాలయంలో మీరు సొంత మాటల్లో, సంతకంతో ఫిర్యాదు ఇస్తారు. ఆకాశరామన్న ఉత్తరంతో వల పన్నలేరు. మీ పేరు ఎఫ్ఐఆర్‌లో ఉంటుంది, తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఇది ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది. అడిగింది నిజమా, మీకూ ఆ అధికారికీ పాత పగలేమైనా ఉన్నాయా అన్నది వాళ్లు ముందు విచారిస్తారు. ఉంటే దాచకండి. ఎప్పుడో జరిగిన అవినీతి మీద, అధికారి తీసుకున్న నిర్ణయానికి సంబంధించి దర్యాప్తు చేయాలంటే అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 17ఏ కింద ముందస్తు అనుమతి కావాలి. తీసుకుంటుండగా అక్కడికక్కడ పట్టుకుంటే ఆ అనుమతి అక్కర్లేదు. వల మీద అంత ఆధారపడటానికి ఒక కారణం ఇదే.

ఇవ్వాల్సిన డబ్బు మామూలుగా మీరే తీసుకెళ్లాలి. అది ఎప్పుడు, ఎలా తిరిగొస్తుందో ఆ రోజే అడిగి తెలుసుకోండి. వేరే శాఖకు చెందిన ఇద్దరు ఉద్యోగులు మధ్యవర్తులుగా, అంటే సాక్షులుగా, వస్తారు. వాళ్ల ఎదుట నోట్ల నంబర్లన్నీ రాస్తారు. ఒక కానిస్టేబులు నోట్లకు ఫినాఫ్తలీన్ అనే తెల్లపొడి పూస్తాడు, చూస్తే కనపడదు. గాజు గ్లాసులో సోడియం కార్బొనేట్ కలిపిన నీళ్లు ఉంటాయి. పొడి అంటిన వేళ్లు ముంచగానే రంగు లేని నీళ్లు గులాబీ రంగుకు తిరుగుతాయి. మీకు అర్థం కావాలని ముందే అది చేసి చూపిస్తారు. తర్వాత ఆ నోట్లు మీ జేబులో పెడతారు.

ఇక మీరు చేయాల్సింది చాలా తక్కువ. ఆ అధికారి అడిగేదాకా నోట్లు ముట్టుకోవద్దు. కరచాలనం చేయొద్దు, మీ చేతి పొడి ఆయన చేతికి అంటితే కేసు అక్కడే బలహీనపడుతుంది. ఆయన అడిగాకే ఇవ్వాలి. "తెచ్చావా?" అన్న ఒక్క మాట వినబడాలి. "సొరుగులో పెట్టు" అంటే సొరుగులో, "అటెండరుకివ్వు" అంటే అటెండరుకు ఇవ్వండి, కానీ ఎవరు చెబితే ఎవరికిచ్చారో గుర్తుంచుకోండి. ఆయన ఆ రోజు అనుమానపడి తీసుకోకపోతే బతిమాలకండి, తిరిగి వచ్చేయండి. తీసుకున్నాక ముందే అనుకున్న సైగ, రుమాలుతో ముఖం తుడుచుకోవడం లాంటిది చేసి పక్కకు తప్పుకోండి. లోపలికి వచ్చినవాళ్లు ఆయన రెండు చేతుల వేళ్లనూ వేర్వేరు గ్లాసుల్లో కడిగించి, రంగు మారిన నీళ్లను సీసాల్లో పోసి సీలు వేస్తారు. చొక్కా జేబులో పెట్టి ఉంటే ఆ జేబు గుడ్డను కూడా కడిగి చూస్తారు.

అడగడం ఎందుకంత ముఖ్యమంటే, డబ్బు దొరికినంత మాత్రాన నేరం రుజువు కాదు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో ఫిర్యాదు చేసిన చౌకధరల దుకాణం డీలరే కోర్టులో మాట మార్చాడు. అడిగినట్టు వేరే సాక్ష్యం లేకపోవడంతో 2014లో సుప్రీంకోర్టు శిక్ష కొట్టేసింది. 2022 డిసెంబరులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం, ఫిర్యాదుదారు చనిపోయినా మాట మార్చినా మిగతా సాక్ష్యాల ఆధారంగా అడగడాన్ని రుజువు చేయొచ్చని చెప్పింది. అయినా మీ మాటే మొదటి బలం. విచారణకు ఏళ్లు పడుతుంది, ఈలోగా ఊళ్లో పెద్దమనుషులు "పిల్లలుగలవాడు, వదిలేయవయ్యా" అని వస్తారు. నిలబడతామన్న నమ్మకం ఉంటేనే సంతకం పెట్టండి. నేరం రుజువైతే అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 7 కింద 3 నుంచి 7 ఏళ్ల జైలు.

ఆఫీసు కారు, ఇంటి పనులు

ఆదివారం రుషికొండ బీచ్ దగ్గర ప్రభుత్వ వాహనం, పొద్దున్నే స్కూలు గేటు ముందు అదే వాహనం. డీజిలు మనదే. దీన్ని ఫొటో తీసి తిట్టుకుని ఊరుకోకుండా, నంబరు, చోటు, సమయం రాసుకుని సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. రాయాల్సింది ఇంతే:

"ఫలానా నంబరు వాహనం మీ కార్యాలయం సొంతమా, అద్దెకు తీసుకున్నదా తెలపగలరు. అద్దెదైతే ఒప్పందం నకలు, ఫలానా నెల బిల్లు నకలు ఇవ్వగలరు. అదే నెల లాగ్‌బుక్ పేజీల నకళ్లు ఇవ్వగలరు."

ఒక్క నెలే అడగండి. ఐదేళ్లది అడిగితే అంత పని చేసే సిబ్బంది లేరని తప్పించుకుంటారు. "ఎందుకు వాడారు?" అని ప్రశ్న వేయకండి. చట్టం రికార్డులో ఉన్నదాన్నే ఇప్పిస్తుంది, సంజాయిషీ ఇప్పించదు. లాగ్‌బుక్‌లో తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, పని, మొదటి రీడింగు, చివరి రీడింగు, అధికారి సంతకం ఉంటాయి. మీరు ఫొటో తీసిన ఆదివారం ఆ పేజీలో ఖాళీగా ఉండి, సోమవారం మొదటి రీడింగు శనివారం చివరి రీడింగు కంటే 60 కిలోమీటర్లు ఎక్కువుంటే ఇక మీరు వేరే ఏమీ చెప్పనక్కర్లేదు. అద్దె వాహనానికి టాక్సీ నంబరు ప్లేటు ఉండాలి. తెల్లప్లేటు సొంత కారుకు అద్దె బిల్లు పెడుతుంటే అది ఎవరి పేరు మీదుందో చూడాల్సిందే.

సమాచార హక్కు దరఖాస్తుకు రుసుము జిల్లా స్థాయి కార్యాలయాలకు 10 రూపాయలు, మండల స్థాయిలో 5, గ్రామ స్థాయిలో లేదు. పేదరిక రేఖకు దిగువనున్నవారు ఏమీ కట్టనక్కర్లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. "వ్యక్తిగత సమాచారం" అని తిప్పి పంపితే, ప్రజల డబ్బుతో నడిచే వాహనం లెక్క వ్యక్తిగతం కాదని, సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(2) కింద ప్రజాప్రయోజనం ఉందని రాసి 30 రోజుల్లో అదే ఆఫీసులోని మొదటి అప్పీలు అధికారికి పంపండి. అక్కడా తేలకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. ఆ 90 రోజులూ మొదటి అప్పీలు మీద జవాబు మీకు అందిన నాటి నుంచి లెక్క. జవాబు పైనున్న తేదీకీ అది మీ గుమ్మం చేరిన తేదీకీ రెండు వారాల తేడా ఉండటం మామూలే. పోస్టాఫీసు ముద్ర ఉన్న ఆ కవరును చింపి పారేయకుండా జవాబుకే పిన్ను చేసి ఉంచండి.