షార్ట్‌వేవ్‌లో దూరదేశపు స్టేషన్ అందట్లేదా? సమస్య - పరిష్కారం

షార్ట్‌వేవ్ రేడియో కొన్నవాళ్ళు వారం తిరక్కుండానే "సెట్ బాగాలేదు" అని అటకెక్కించేయడం చాలాసార్లు చూశాను. చూసినప్పుడల్లా బాధేస్తుంది. ఎందుకంటే చాలావరకు సెట్‌లో ఏ లోపమూ ఉండదు.

సమస్య: బ్యాండంతా ఒకటే గరగర

కారణం దాదాపు ఎప్పుడూ మన ఇంట్లోనే ఉంటుంది. ఎల్ఈడీ బల్బుల్లో, ఫోన్ ఛార్జర్లలో ఉండే చిన్న సర్క్యూటు కరెంటుని సెకనుకి వేలసార్లు ఆపి వదులుతుంటుంది. ఆ అలజడే రేడియోలో గరగరగా వినిపిస్తుంది. ఇన్వర్టరు, ఫ్యాను ఎలక్ట్రానిక్ రెగ్యులేటరు కూడా తక్కువేం కాదు. రేడియో సిలోన్‌లో తెలుగు పాటలు విన్న మన పెద్దవాళ్ళ ఇళ్ళలో ఇవేవీ లేవు మరి.

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగని బ్యాటరీల మీద నడిచే సెట్ పట్టేస్తుంది. స్టేషన్ లేని చోట ట్యూన్ చేసి, ఇంటి మెయిన్ ఆపేయండి. గరగర పోయిందా, ఇక ఒక్కో ఎంసీబీ వేస్తూ రండి. మా ఇంట్లో హాలుది వేయగానే మళ్ళీ మొదలైంది. సెట్ చేత్తో పట్టుకుని గోడ వెంబడి నడిచాను. టీవీ దగ్గర ఓ మోస్తరుగా ఉన్న మోత పూజ అలమర దగ్గరికి వచ్చేసరికి చెవులు చిల్లులు పడేలా పెరిగింది. దేవుడి పటాల చుట్టూ వేసిన సీరియల్ లైట్ల అడాప్టరు అది. ప్లగ్గు పీకగానే, 31 మీటర్ల బ్యాండులో (షార్ట్‌వేవ్‌ని అలల పొడవుని బట్టి విడగొట్టిన భాగాల్లో ఒకటి) అప్పటిదాకా ఏమీ లేదనుకున్న చోట ఒకావిడ అరబిక్‌లో వార్తలు చదువుతోంది!

తీసేయడానికి వీల్లేని అడాప్టరైతే దాని తీగని ఫెర్రైట్ రింగుకి (గరగరని అడ్డుకునే ఒక అయస్కాంత పదార్థపు రింగు) అయిదారు చుట్లు చుట్టండి. మెయిన్ ఆపినా గరగర తగ్గలేదంటే అది పక్కింటిదో, వీధి స్తంభానిదో. అప్పుడు సెట్ తీసుకుని డాబా ఎక్కడమే మందు.

సమస్య: చెప్పిన టైముకి ఆ స్టేషన్ లేదు

ముందు గడియారం చూసుకోండి. షెడ్యూళ్ళు యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో ఉంటాయి, దానికి అయిదున్నర గంటలు కలిపితే మన టైము. 1430 యూటీసీ అంటే మనకి రాత్రి 8 గంటలు. మార్చి, అక్టోబరు నెలల చివరి ఆదివారాల్లో స్టేషన్లు ఫ్రీక్వెన్సీలు మార్చుకుంటాయి కాబట్టి పాత జాబితా పనికిరాదు. కొన్నయితే షార్ట్‌వేవ్‌నే వదిలేశాయి. రేడియో ఆస్ట్రేలియా 2017లో, బీబీసీ హిందీ 2020లో ఆగిపోయాయి.

టైము సరిగ్గానే ఉంటే బ్యాండు చూడండి. పగటిపూట అయనావరణంలోని (ఆకాశంలో చాలా ఎత్తున, రేడియో అలల్ని తిరిగి కిందికి పంపే పొరలు) కింది పొర తక్కువ ఫ్రీక్వెన్సీలని, అంటే ఎక్కువ మీటర్ల బ్యాండ్లని, మింగేస్తుంది. పొద్దుగూకాక ఆ పొర చెదిరిపోయి 49, 41, 31 మీటర్ల బ్యాండ్లు నిండుతాయి. రాత్రి ముదిరేకొద్దీ 16, 19 మీటర్లు ఖాళీ అవుతాయి. మిట్టమధ్యాహ్నం 49 మీటర్లలో యూరప్ కోసం వెతకడం వృథా. నాకు మాత్రం అసురసంధ్య వేళకి మించింది లేదు, అప్పుడు పగటి బ్యాండ్ల స్టేషన్లూ, రాత్రి బ్యాండ్ల స్టేషన్లూ దొరుకుతాయి.

సమస్య: గొంతు దగ్గరికొచ్చి మళ్ళీ దూరమైపోతోంది

సిగ్నల్ రెండు మూడు దారుల్లో వస్తుంది. అవి కలిసినప్పుడు పెరుగుతుంది, ఒకదాన్నొకటి కొట్టేసుకున్నప్పుడు తగ్గుతుంది. దీన్ని పూర్తిగా ఆపలేం. అదే కార్యక్రమం ఇంకో ఫ్రీక్వెన్సీలో కూడా వస్తుంటే అక్కడ చూడండి. మాట వంకర్లు పోతుంటే 1, 2 కిలోహెర్ట్జ్ పక్కకి జరపండి.

సమస్య: ఏరియల్‌గా పొడుగు తీగ కట్టాక ఇంకా చెడింది

చిన్న సెట్లు అంత సిగ్నల్‌ని తట్టుకోలేవు. ఊళ్ళోని మీడియంవేవ్ స్టేషన్ షార్ట్‌వేవ్‌లో దూరినా, ఒకే స్టేషన్ నాలుగు చోట్ల వినిపించినా అదే గుర్తు. తీగని 5, 6 మీటర్లకి కుదించండి, డీఎక్స్-లోకల్ స్విచ్ (దూరపు, దగ్గరి స్టేషన్లకి తగ్గట్టు సిగ్నల్‌ని పెంచి తగ్గించేది) ఉంటే లోకల్ వైపు పెట్టండి. ఉరుములు రాకముందే బయటి తీగని సెట్ నుంచి పీకేయాలి, ఇందులో బద్ధకం వద్దు.

సమస్య: మాటల బదులు జోరువాన చప్పుడు, లేదా బాతు అరుపులు

వాన చప్పుడు ఒకే చోట, దాదాపు 10 కిలోహెర్ట్జ్ మేర పరుచుకుని ఉంటే అది డీఆర్ఎం అనే డిజిటల్ ప్రసారం. మామూలు సెట్ దాన్ని విప్పలేదు, దాటి వెళ్ళిపోండి. బాతు అరుపులు ఎక్కువగా హామ్ రేడియోవాళ్ళవి, అంటే లైసెన్సు తీసుకుని సరదాగా రేడియోలో మాట్లాడుకునేవాళ్ళవి. వాళ్ళు వాడే ఎస్ఎస్‌బీ అనే ప్రసార పద్ధతి కోసం మీట ఉన్న సెట్‌లో అది నొక్కి, సన్న ట్యూనింగ్‌ని మెల్లగా తిప్పుతూ ఉంటే ఒకచోట మనిషి గొంతు తేటగా వస్తుంది.