దూరదేశాల స్టేషన్ల కోసం యాంటెన్నా తిప్పే ముందు జాగ్రత్తలు

హామ్ రేడియోలో యాంటెన్నాను తిప్పే మోటారైన రోటేటర్ మీట నొక్కే ముందు మీ అక్షాంశ రేఖాంశాలు సరిగ్గా నమోదయ్యాయో లేదో చూసుకోవాలి. పశ్చిమ రేఖాంశం ముందుండే రుణ గుర్తు ఒక్కటి జారిపోతే లెక్కంతా తలకిందులవుతుంది. మామూలు ప్రపంచ పటం మీద స్కేలు పెట్టి దిశ తీయకూడదు. రేడియో తరంగాలు సాధారణంగా మహావృత్తం (భూగోళం మీద రెండు చోట్లను అతి దగ్గరి దారిలో కలిపే వృత్తం) వెంట సాగుతాయి కాబట్టి, మీ స్థానమే కేంద్రంగా గీసిన పటాన్ని గానీ, ఆ లెక్క చేసే ప్రోగ్రాంను గానీ వాడాలి. అలా వచ్చే కోణం నిజ ఉత్తరం నుంచి కొలిచినది. దిక్సూచి చూపేది అయస్కాంత ఉత్తరం. ఈ తేడా కొన్ని ప్రాంతాల్లో 20 డిగ్రీలు కూడా దాటుతుంది కనుక, దిక్సూచితో రోటేటర్‌ను సరిచేసేవారు దాన్ని లెక్కలోకి తీసుకోవాలి. ఇనుప టవరు పక్కనే నిలబడి చూస్తే ముల్లు టవరు మాటే వింటుంది.

ఒక స్టేషన్‌కు దగ్గరి దారి దిశ 40 డిగ్రీలైతే, భూగోళాన్ని అవతలి వైపు నుంచి చుట్టివెళ్లే దూరపు దారి దిశ 220. మొదటిది మూగబోతే రెండోదాన్నీ ప్రయత్నించాలి.

తరంగ ప్రసార అంచనాల్లోని వేళలు సాధారణంగా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఉంటాయని మరువరాదు. సోలార్ ఫ్లక్స్ (సూర్యుడి నుంచి వచ్చే రేడియో శక్తి కొలత) అంకె పెద్దదిగా ఉందని సంబరపడే ముందు కె సూచీ (భూ అయస్కాంత క్షేత్రంలోని కలతను చూపే అంకె) చూడాలి. అది 5కు చేరితే భూ అయస్కాంత తుఫాను ఉన్నట్టే, ధ్రువాల మీదుగా వెళ్లే దారులు ముందుగా దెబ్బతింటాయి. అంచనాల కన్నా చెవిని నమ్మడమే మేలని నా అభిప్రాయం. 14.100 మెగాహెర్ట్జ్ మీద అంతర్జాతీయ బీకన్లు (దారి తెరుచుకుందో లేదో తెలుసుకునేందుకు సంకేతాలు పంపే స్టేషన్లు) ఒక్కొక్కటి 10 సెకన్ల చొప్పున వంతులవారీగా సంకేతం పంపుతాయి. కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) తర్వాతి నాలుగు దీర్ఘ ధ్వనులు 100, 10, 1, 0.1 వాట్లతో సన్నగిల్లుతాయి. ఎన్నోదాని వరకు వినిపించిందో లెక్కపెడితే దారి బలం తెలుస్తుంది. ఒక బీకన్ వినిపించనంత మాత్రాన బ్యాండు (ఆ పౌనఃపున్యాల శ్రేణి) మూసుకుపోయిందని తీర్మానించకూడదు, అది మరమ్మతులో ఉండవచ్చు.