ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు పని మొదలుపెట్టి పూర్తిచేయడం నేర్పే విధానం

ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం, తొందరపాటు కనిపించే ఎదుగుదల సమస్య) ఉన్న పిల్లలు తమకు చెప్పిన పని మరచిపోతే దాన్ని మొండితనంగా భావించకండి. వరుస గుర్తుంచుకోవడం, తొందరపాటును ఆపుకోవడం, సమయాన్ని అంచనా వేయడం వంటి నైపుణ్యాలు వీరిలో ఆలస్యంగా ఎదుగుతాయి. 2007లో అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు ప్రచురించిన అధ్యయనంలో, మెదడు పైపొరలో సగం చోట్లు గరిష్ఠ మందానికి చేరే వయసు ఇతర పిల్లల్లో సుమారు 7.5 ఏళ్లు కాగా, వీరిలో 10.5 ఏళ్లుగా తేలింది.

కాబట్టి గుర్తుచేసే భారాన్ని కంటికి కనిపించే వస్తువులకు అప్పగించాలి. "బడికి తయారవు" అన్న ఒక్క మాటలో ఎన్నో పనులు దాగి ఉంటాయి కనుక, వాటిని విడదీసి, బొమ్మలుగా వరుసలో గీసి, ఆ పనులు జరిగే చోటనే గోడకు అంటించండి. మిగిలిన నిమిషాలు తరిగిపోవడాన్ని రంగులో చూపే టైమరు వాడండి.

హోంవర్కును 10 నిమిషాల భాగాలుగా విడగొట్టి, మొదటి లెక్కను పక్కన కూర్చొని చేయించండి. చాలామందికి అన్నిటికన్నా కష్టమైనది మొదలుపెట్టడమే. మెచ్చుకోలు వెంటనే, ఏ పనికో స్పష్టంగా చెబుతూ అందాలి. వారాంతంలో ఇస్తామన్న బహుమతి వీరికి చాలా దూరం.

ఒకసారి ఒక్క అలవాటునే ఎంచుకొని, అది కుదిరాక ఆసరాను కొద్దికొద్దిగా తగ్గించండి. పిల్లలు మళ్లీ తడబడితే, నిందించకుండా ఆ ఆసరాను తిరిగి ఇవ్వండి.