చెక్ ఇంజిన్ లైటు వెలిగిందా? కోడ్ మీరే చదవడం, చెరపడం ఎలా

మా వీధిలో ఎవరి కారులో పసుపు రంగు ఇంజిన్ బొమ్మ వెలిగినా, ఆదివారం పొద్దున ఆ బండి మా గేటు ముందు ఆగుతుంది. వచ్చినవాళ్లు అడిగేది ఒక్కటే: "అన్నా, ఆ లైటు కాస్త తీసెయ్యవా?" తీసెయ్యడం అర నిమిషం పని. ఆ అర నిమిషం పనిని అందరూ ముందే చేసేస్తున్నారు, తర్వాత నెలంతా షెడ్డు చుట్టూ తిరుగుతున్నారు. లైటు ఎందుకు వెలిగిందో ఇంజిన్ కంప్యూటర్ రాసిపెట్టుకునే గుర్తునే కోడ్ అంటారు. దాన్ని చదవడం ఎవరైనా నేర్చుకోవచ్చు. ఎప్పుడు చెరపాలో, ఎప్పుడు చెరపకూడదో తెలియడమే కష్టం. నేను ఎక్కువగా చెప్పబోయేది దాని గురించే.

ముందు లైటు ఎలా వెలుగుతోందో చూడండి

నిలకడగా వెలుగుతూ, బండి మామూలుగానే నడుస్తుంటే టెన్షన్ పడనక్కర్లేదు. ఇంటికి వెళ్లి నింపాదిగా చూసుకోవచ్చు. ఆ లైటు టపటపా కొట్టుకుంటుంటే మాత్రం కథ వేరు. ఏదో సిలిండర్‌లో పెట్రోల్ మండకుండా సైలెన్సర్ వైపు పోతోందని దానర్థం. ఆ పెట్రోల్ వెళ్లి, పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లో మండి, దాన్ని కాల్చేస్తుంది. ప్లగ్గుకి నిప్పురవ్వ ఇచ్చే కాయిల్ మార్చుకుంటే పోయే ఖర్చు పదింతలవుతుంది. వెంటనే యాక్సిలరేటర్ తగ్గించి పక్కకు ఆపండి. ఎర్ర రంగులో ఆయిల్ డబ్బా బొమ్మో, టెంపరేచర్ బొమ్మో వెలిగితే స్కానర్ వెతకొద్దు, ముందు ఇంజిన్ ఆపండి.

కావాల్సినవి

కారు కంప్యూటర్‌ని ఫోన్‌తో మాట్లాడించే ఈఎల్ఎం 327 రకం బ్లూటూత్ అడాప్టర్ ఒకటి, ఫోన్‌లో ఒక యాప్, ఒక నోటు పుస్తకం, పెన్ను. ఆండ్రాయిడ్‌లో టార్క్ గానీ కార్ స్కానర్ గానీ సరిపోతుంది. ఐఫోన్‌కి పాత రకం బ్లూటూత్ అడాప్టర్ పనిచేయదు. వైఫైదో, బ్లూటూత్ ఎల్ఈ అని రాసి ఉన్నదో కొనండి. మరీ చవకగా వచ్చే నకిలీలు సగం కమాండ్లకు జవాబివ్వవు, మధ్యలో కనెక్షన్ కూడా తెంపేస్తాయి. రెండు మూడు వందలు ఎక్కువ పెట్టి, వాడినవాళ్లు బాగుందన్నది తీసుకోండి. నోటు పుస్తకం ఎందుకు, ఫోన్‌లో స్క్రీన్‌షాట్ చాలదా అంటారు. చాలదు. స్క్రీన్‌షాట్ తీసుకున్నవాళ్లెవరూ రెండు నెలల తర్వాత దాన్ని వెతికి పట్టుకోగా నేను చూడలేదు.

బండి 2013 ఏప్రిల్ తర్వాత తయారైనదైతే అనుమానమే అక్కర్లేదు. బండి తన లోపాలను తానే కనిపెట్టి కోడ్‌లుగా చెప్పే ఓబీడీ-2 పద్ధతి మన దేశంలో కార్లకు తప్పనిసరైంది అప్పటి నుంచే. అంతకు ముందు బళ్లలో కొన్ని మాట్లాడతాయి, కొన్ని మాట్లాడవు.

కోడ్ చదవడం

స్టీరింగు కింద, మోకాళ్ల దగ్గర తడిమితే పదహారు పిన్నుల సాకెట్ తగులుతుంది. అడాప్టర్ అందులో పెట్టండి. అది ఒక వైపే కూర్చుంటుంది, బలవంతం చేయొద్దు. తాళం ఆన్‌లో పెట్టండి, ఇంజిన్ స్టార్ట్ చేయొద్దు. బటన్ స్టార్ట్ బండైతే క్లచ్, బ్రేకు తొక్కకుండా బటన్ రెండుసార్లు నొక్కితే మీటరు లైట్లన్నీ వెలుగుతాయి. ఫోన్‌ని బ్లూటూత్‌తో కలపండి. పిన్ అడిగితే 1234 గానీ 0000 గానీ కొట్టండి. యాప్‌లో ఫాల్ట్ కోడ్స్ నొక్కండి. అంతే, వచ్చేస్తాయి.

కోడ్ ఎలా ఉంటుందో వేగన్ఆర్ వన్ లీటర్ బండితో చెప్తాను. పీ0302 వచ్చిందనుకోండి. 'పీ' అంటే ఇంజిన్, గేర్‌బాక్సుకి సంబంధించినది. 0 అంటే అన్ని కంపెనీలకూ ఒకటే అర్థం ఉన్న కోడ్. అక్కడ 1 ఉంటే ఆ కంపెనీ సొంత కోడ్ కాబట్టి గూగుల్ చెప్పే అర్థాన్ని నమ్మొద్దు. 3 అంటే ఇగ్నిషన్ వైపు. చివరి 02 అంటే రెండో సిలిండర్ మిస్ కొడుతోందని, అంటే అందులో పెట్రోల్ సరిగా మండడం లేదని. ఆ ఇంజిన్‌కి ఉన్నవే మూడు సిలిండర్లు, కాబట్టి పీ0304 చూపిస్తే బండిని కాదు, అడాప్టర్‌ని అనుమానించండి.

కోడ్‌లు రెండు మూడు చోట్ల ఉంటాయి. స్టోర్డ్ అన్నవి ఖాయమైనవి. పెండింగ్ అన్నవి ఒకసారి కనిపించి, మళ్లీ వస్తాయేమోనని ఇంజిన్ కంప్యూటర్ కనిపెట్టి చూస్తున్నవి. రెండూ రాసుకోండి. పెండింగ్ జాబితా చాలామంది తెరిచి కూడా చూడరు.

ఈ అడాప్టర్‌తో ఏబీఎస్, ఎయిర్‌బ్యాగ్ కోడ్‌లు చాలా బళ్లలో కనిపించవు. కనిపించినా ఎయిర్‌బ్యాగ్ జోలికి మీరు వెళ్లొద్దు. స్టీరింగు దగ్గర పసుపు కప్లర్ (వైర్లు కలిపే ప్లాస్టిక్ ముక్క) కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి.

కోడ్ పేరు చూసి పార్టు కొనొద్దు

కోడ్‌లో ఏ పేరుంటే ఆ పార్టు మార్చడం మన దగ్గర పెద్ద జబ్బు. పీ0135 అంటే ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం అని. లోపం సర్క్యూట్‌లో అన్నారు గానీ సెన్సారే పోయిందనలేదు. ఫ్యూజ్ పోయినా అదే కోడ్, వైరు తెగినా అదే కోడ్. పదిహేను రూపాయల ఫ్యూజు కోసం సెన్సార్ మార్పించుకున్నవాళ్లు నాకు తెలుసు. క్యాటలిటిక్ కన్వర్టర్ సరిగా పనిచేయడం లేదనే పీ0420 రాగానే కొత్తదాని రేటు అడగడం ఇంకా ఘోరం. దానికి ముందు ఎగ్జాస్ట్ పైపులో లీకు, వెనక ఆక్సిజన్ సెన్సార్ చూడాలి.

పీ0113 సంగతి చెప్పకుండా ఉండలేను. ఇంజిన్‌లోకి పోయే గాలి వేడి కొలిచే సెన్సార్‌ది ఈ కోడ్. యాప్‌లో లైవ్ డేటా తెరిస్తే గాలి వేడి మైనస్ 40 డిగ్రీలని చూపిస్తుంది. మే నెల, రెంటచింతల ఎండ, బండిలో మాత్రం మైనస్ 40! సెన్సార్ వైరు ఎక్కడో విడిపోతే కంప్యూటర్‌కి అలాగే కనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చిన ఈ కోడ్‌లలో ముప్పాతిక వంతు ఎయిర్ ఫిల్టర్ మార్చినవాళ్లు కప్లర్ తిరిగి పెట్టడం మర్చిపోయినవే. మిగతావి ఎలుకలవి. బానెట్ కింద పొగాకు కట్ట పెడితే ఎలుకలు రావంటారు. మా ఎలుకలు మాత్రం దాని పక్కనే కాపురం పెట్టాయి.

బయట సీఎన్‌జీ కిట్ బిగించిన బండికి పీ0171, పీ0172 లాంటివి (గాలికి తగ్గ ఇంధనం తక్కువో ఎక్కువో అవుతోందని చెప్పేవి) వస్తే ముందు ఆ కిట్ ట్యూనింగ్ చూపించండి. పెట్రోల్ మీద నాలుగు రోజులు నడిపి చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

చెరపడం: ఇక్కడే అందరూ పాడుచేస్తున్నారు

యాప్‌లో క్లియర్ బటన్ పెద్దగా, నొక్కమని పిలుస్తున్నట్టు ఉంటుంది. అది నొక్కితే పోయేది లైటు ఒక్కటే అనుకుంటారు. కాదు. దాంతోపాటు ఫ్రీజ్ ఫ్రేమ్ పోతుంది. లోపం వచ్చిన క్షణాన ఇంజిన్ ఎంత వేడిగా ఉంది, ఎన్ని ఆర్‌పీఎం, బండి ఎంత స్పీడులో ఉంది, ఎంత లోడు మీద ఉంది, పెట్రోల్ ఎంత ఎక్కువ తక్కువ పోస్తోంది అన్నవన్నీ కంప్యూటర్ ఒక ఫోటోలా తీసి దాచుకుంటుంది. రోగం పట్టుకోవడానికి కోడ్ కంటే అదే ముఖ్యం. పొద్దున చల్లగా ఉన్నప్పుడు మాత్రమే మిస్ కొట్టే బండికీ, వేడెక్కాక ఎత్తు ఎక్కేటప్పుడు మిస్ కొట్టే బండికీ కోడ్ ఒకటే ఉంటుంది. తేడా చెప్పేది ఫ్రీజ్ ఫ్రేమ్. ఒకసారి చెరిపితే దాన్ని ఎవరూ తిరిగి తేలేరు.

ఇది నాకు బోధించింది నా సొంత బండే. కొత్తగా అడాప్టర్ కొన్న రోజుల్లో పీ0302 కనిపించగానే, ఏదో సాధించినవాడిలా క్లియర్ కొట్టేశాను. లైటు పోయింది. మూడు వారాలు హాయిగా తిరిగాను. తర్వాత దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే, ఇంట్లో అందరం బండిలో ఉండగా, అదే లైటు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఎత్తు ఎక్కేటప్పుడు లోడు మీదే కాయిల్ బలహీనపడుతోందని మొదటి రోజే ఫ్రీజ్ ఫ్రేమ్ చెప్పి ఉండేది. నేను చదవకుండానే చింపేశాను. మా ఆవిడ ఇప్పటికీ ఆ ప్రయాణం గుర్తుచేస్తుంది.

కాబట్టి నా పద్ధతి ఇది. క్లియర్ దగ్గరికి వెళ్లేముందు స్టోర్డ్ కోడ్‌లు, పెండింగ్ కోడ్‌లు, ఫ్రీజ్ ఫ్రేమ్‌లోని ప్రతి అంకె, ఆ రోజు తేదీ, ఓడోమీటర్ రీడింగ్ పుస్తకంలో రాయాలి. రాసిన పేజీ ఒకసారి యాప్‌తో సరిచూసుకోవాలి. కోడ్‌లో ఒక్క అంకె తప్పు రాస్తే వేరే జబ్బుకి వైద్యం చేస్తారు. తర్వాత లోపం వెతికి సరిచేయాలి. అప్పుడు కూడా చెరపాలా అన్నది ఆలోచించాలి.

ఎందుకంటే, లోపం నిజంగా సరైతే లైటు దానంతట అదే ఆరిపోతుంది. వరసగా మూడు ప్రయాణాల్లో కంప్యూటర్ ఆ పరీక్ష చేసుకుని లోపం కనబడకపోతే లైటు తీసేస్తుంది. ఇంజిన్ చల్లారి వేడెక్కడం నలభై సార్లు జరిగాక కోడ్‌ని కూడా మర్చిపోతుంది. అలా ఆరిన లైటే మీ రిపేరు సరైనదని సాక్ష్యం. చెరిపి ఆర్పిన లైటు ఏమీ రుజువు చేయదు. ఒక సర్వీస్ సెంటర్లో మా పక్కింటాయన దగ్గర స్కానింగ్ చార్జీ తీసుకుని, చెరిపి, "ఓకే సార్" అని బండి ఇచ్చారు. నాలుగో రోజు మళ్లీ వెలిగింది. బిల్లు మీద ఏ కోడ్ వచ్చిందో కూడా రాయలేదు.

చెరపడం నిజంగా అవసరమయ్యేది, ఏ పార్టు పోయిందో తేల్చుకునే పరీక్షకి. ప్లగ్గు మీదే కాయిల్ కూర్చునే బళ్లలో పీ0302 వస్తే, ఇంజిన్ చల్లారాక రెండో సిలిండర్ కాయిల్‌ని ఒకటో దాంట్లో, ఒకటో దాన్ని రెండో దాంట్లో పెట్టండి. చిన్న కార్లలో చాలావాటికి సిలిండర్లు బెల్టు వైపు నుంచి లెక్క. ఇప్పుడు చెరిపి, బండి నడపండి. కోడ్ పీ0301గా మారి వస్తే కాయిల్ దొంగ దొరికినట్టే. పీ0302గానే ఉంటే ప్లగ్గు, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. దీన్ని చేయకుండా మూడు కాయిల్స్ ఒకేసారి మార్చమనే మెకానిక్ మాట నేను వినను.

చెరిపేటప్పుడు తాళం ఆన్‌లో ఉండాలి, ఇంజిన్ ఆఫ్‌లో ఉండాలి. ఇంజిన్ తిరుగుతుండగా కొన్ని బళ్లు చెరపనివ్వవు. కొన్ని ఒప్పుకుని ఐడ్లింగ్‌లో తడబడతాయి. క్లియర్ కొట్టాక పది సెకన్లు ఆగి, తాళం ఆఫ్ చేసి, మళ్లీ ఆన్ చేసి, కోడ్‌లు ఇంకోసారి చదవండి. ఆ క్షణానే కోడ్ తిరిగొచ్చిందంటే వైరు తెగడం లాంటి, ఇప్పటికిప్పుడు ఉన్న లోపం. ఇక ఎన్నిసార్లు నొక్కినా పోదు. బటన్ మీద కోపం తీర్చుకోకండి.

బ్యాటరీ టెర్మినల్ పీకి అర గంట ఉంచితే పోతుంది కదా అనే పెద్దమనిషి ప్రతి వీధిలో ఒకడు ఉంటాడు. ఆ పద్ధతిలో కోడ్ ఏమిటో తెలియకుండానే పోతుంది. దాంతోపాటు గడియారం, రేడియో సెట్టింగులు, కొన్ని బళ్లలో ఐడ్లింగ్ కూడా చెడతాయి. అది రిపేరు కాదు.

సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లకి ఇంకో ఉపయోగం ఉంది. కోడ్‌లు చెరిపాక బండి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో కంప్యూటర్ లెక్క పెడుతుంది. చాలా యాప్‌లలో అది కనిపిస్తుంది. మా బావమరిది ఒక బండి చూడమని తెచ్చాడు. లైట్లేమీ లేవు, నీట్‌గా ఉంది. ఆ లెక్క తెరిస్తే 9 కిలోమీటర్లు. అమ్మేవాళ్ల ఇంటి నుంచి మా ఇంటికి దూరం సరిగ్గా అంతే!

చెరిపాక

చెరిపితే కంప్యూటర్ తన సొంత పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. యాప్‌లో రెడీనెస్ అన్న పేజీలో అవి 'ఇన్‌కంప్లీట్' అని కనిపిస్తాయి. పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి రెండు నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచండి. ఊరి బయట 60 స్పీడులో పావు గంట నిలకడగా నడపండి. మధ్యలో రెండు మూడుసార్లు యాక్సిలరేటర్ వదిలి, గేరులోనే నెమ్మదించనివ్వండి. రెండు మూడు రోజులు ఇలా చేస్తే చాలావరకు పూర్తవుతాయి. అప్పుడు పెండింగ్ జాబితా ఖాళీగా ఉంటేనే పని అయినట్టు.

మన దగ్గర పొల్యూషన్ సర్టిఫికెట్‌కి సైలెన్సర్ పొగే చూస్తారు, రెడీనెస్ ఎవరూ అడగరు. అమెరికాలో ఉన్న మనవాళ్లు మాత్రం జాగ్రత్త పడాలి. కాలిఫోర్నియా లాంటి చోట్ల స్మాగ్ టెస్టుకి (అక్కడి పొల్యూషన్ పరీక్షకి) ముందు రోజు కోడ్ చెరిపి వెళ్తే, పరీక్షలు పూర్తి కాలేదని తిప్పి పంపేస్తారు. అక్కడ కొత్త బళ్లలో పర్మనెంట్ కోడ్ అని ఇంకొకటి ఉంటుంది. దాన్ని ఏ స్కానరూ చెరపలేదు.

అన్నీ అయ్యాక అడాప్టర్ తీసి డాష్‌బోర్డు అరలో పెట్టండి. ఆ సాకెట్‌లో తాళం తీసినా కరెంటు ఉంటుంది. మా బావమరిది దాన్ని అలాగే వదిలేసి పది రోజులు ఊరెళ్లాడు. వచ్చాక బండి తొయ్యడానికి నన్నే పిలిచాడు.